నాలుగు వేళ్ళ మందం తలుపు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదటి దెబ్బ ఒక ఆకురాయి కోసం పడింది.

ఇనుము అరగదీసే ఆకురాయి. మూరెడు పొడవు, కర్ర పిడి. మా ఆయన బతికినన్నాళ్ళూ దాంతోనే పనిచేశాడు. ఆయన బొటనవేలు ఒత్తుకుని ఒత్తుకుని పిడి మీద చిన్న గుంట పడింది. ఆయన పోయాక మా అబ్బాయి బొటనవేలు వచ్చి సరిగ్గా ఆ గుంటలోనే కూర్చుంది. అది చేతిలో ఉంటే తండ్రి చెయ్యి పట్టుకున్నట్టే వాడికి.

మాది ఇనప్పెట్టెల పని. డబ్బూ దస్కం దాచుకునే పెట్టెలు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యన కాంక్రీటు. ఇంటి ముందు గదే షాపు. రోజంతా గ్రైండర్ రొద, నిప్పురవ్వలు, కాలిన ఇనుము వాసన. మా కోడలు మంచినీళ్ళ బిందె మీద ఎన్ని మూతలు పెట్టినా ఇనప రజను నోటికి తగులుతూనే ఉండేది.

ఆ రోజు పొద్దున్నే మా అబ్బాయి షాపంతా తిరగేశాడు. ఆకురాయి కనపడలేదు.

"ఎక్కడ పెట్టావురా?" అన్నాడు కొడుకుని.

"నేను తియ్యలేదు నాన్నా."

"మొన్న పెట్టె అప్పజెప్పి వచ్చేటప్పుడు సామాన్ల సంచీ మోసింది నువ్వు కాదూ?"

"సంచీలో ఉన్నవన్నీ తెచ్చాను. అది లేదు."

"లేదంటే? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? ఎంతకి అమ్మావో చెప్పు."

ఆ మాటకి మా మనవడి మొహం మాడిపోయింది. వాడికప్పుడు ఇరవై నిండాయి. చిన్నప్పటినుంచీ కోపమొస్తే తల వంచుకుని వచ్చి కడుపులో కుమ్మేవాడు, అందుకని వీధిలో అందరూ గిత్త అనేవారు. ఆ రోజు కుమ్మలేదు. తలెత్తి తండ్రి కళ్ళలోకి చూశాడు. అదే తప్పయిపోయింది.

తెగిపోయిన గ్యాసు గొట్టం ముక్క ఒకటి గోడకి వేలాడుతుండేది. మా అబ్బాయి చెయ్యి దాని మీదికి పోయింది. మొదటి దెబ్బ వీపు మీద. రెండోది అడ్డం పెట్టిన మోచేతి మీద. తర్వాతది చెవి మీద పడి, తమ్మె చీలి, నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి జారింది.

"అమ్మానని ఒప్పుకో! ఒక్క నిజం చెప్పు, వదిలేస్తాను!"

"నేను పోగొట్టలేదు."

నేను మధ్యలోకి వెళ్తే గొట్టం నా భుజం కూడా చూసింది. మా కోడలు అరిచిన అరుపుకి పక్క కొట్లోంచి మాంసం కొట్టతను పరిగెత్తుకొచ్చాడు. కత్తి బాబాయి అంటారు పిల్లలందరూ అతన్ని. వెనకనుంచి మా అబ్బాయిని రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు.

"ఒరేయ్ మేస్త్రీ, నేను జంతువుని కూడా ఇంతసేపు కొట్టనురా. ఒక్క వేటే. దించు చెయ్యి."

గిత్త చెవి పట్టుకుని లేచాడు. "ఈ షాపులో ఇంక సుత్తి పట్టుకుంటే అడుగు" అని, అదే నెత్తురు చొక్కాతో వీధిలోకి వెళ్ళిపోయాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఆకురాయి పోయిందనీ, దానికోసం మేస్త్రి కొడుకుని గొడ్డుని బాదినట్టు బాదాడనీ ఆ సాయంత్రానికి తెలియని మనిషి లేడు.

వాడు వెళ్ళి చేరింది తెల్లబూట్ల దగ్గర.

తెల్లబూట్ల పేరు కాగితాల మీద ఇంకేదో ఉండేది. మాకు మాత్రం ఆయన తెల్లబూట్లే. మా వీధిలో అడుగు పెడితే ఎలాంటి బూటైనా నల్లబడాల్సిందే, ఆయనవి నల్లబడేవి కావు. పెద్ద రోడ్డు మీద అద్దాల ఆఫీసు తెరిచాడు. డబ్బు పెడితే నెలనెలా లాభం ఇస్తాడట, ఏడాది తిరిగేసరికి రెట్టింపు చేస్తాడట. బ్యాంకుకి పోతే పావలా వంతు కూడా రాదు. ఎలా ఇస్తావయ్యా అంటే, "మీ డబ్బు నిద్రపోదండీ, పనిచేస్తుంది" అనేవాడు. ఏం పనిచేస్తుందో అడిగినవాళ్ళకి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాడు. అర్థం కాలేదంటే చదువు రాలేదనుకుంటారని అందరూ తలలూపేవారు. నేనూ ఊపాను.

ఆ ఆఫీసుకి పెట్టె చేసింది మా అబ్బాయే. దెబ్బలాటకి కాస్త ముందే అప్పజెప్పి వచ్చాడు. వాడి జన్మలో అంత పెద్దది చెయ్యలేదు. బీరువా అంత ఎత్తు. తలుపు నాలుగు వేళ్ళ మందం. దార్లో తలుపు ఊగకుండా తలుపుకొక కడియం, పెట్టెకొక కడియం అతికించి, రెంటిలోంచీ ఇనప చువ్వ దూర్చడం వాడి పద్ధతి. పైపుల మీద దొర్లించుకుంటూ ఆఫీసులోకి చేర్చి, గడియ బిగుతు సరిచేసి, తలుపు మూసి, తాళంచెవులు తెల్లబూట్ల చేతిలో పెట్టి వచ్చేశాడు.

మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. తాళంచెవి ఇచ్చేశాక పెట్టె తెరిచి ఉంటే మావాళ్ళు అటు చూడరు. నూనె వెయ్యడానికి వెళ్ళినా, యజమాని తెరుస్తుంటే మొహం పక్కకి తిప్పుకుంటారు. మా ఆయన అనేవాడు, "పెట్టె చేసినవాడు పెట్టెలోకి చూశాడా, దొంగతనం జరిగిన రోజు మొదటి చెంపదెబ్బ వాడికే" అని. ఆ మర్యాదకే మా దగ్గరికి బేరాలొచ్చేవి. తెల్లబూట్లు కూడా ఆ సంగతి విచారించుకునే వచ్చాడని మాకు తర్వాత తెలిసింది.

గిత్తకి టై కట్టించాడు. కౌంటర్లో కూర్చోబెట్టాడు. డబ్బు తీసుకోవడం, రసీదు ఇవ్వడం, సాయంత్రం సంచీ తీసుకెళ్ళి లోపల ఆయన ముందు పెట్టడం వాడి పని. "మీరంతా వెళ్ళాక నేనే పెట్టెలో పెట్టుకుంటాను, తాళం నా దగ్గరే ఉండాలి, మీ నాన్న మర్యాదే నా మర్యాద" అనేవాడట. ఇంకేం, మావాడు పొంగిపోయాడు.

మొదటి జీతంతో వాడు మోటారుసైకిలు మీద ఇంటికొచ్చాడు. చెవి ఇంకా కట్టుతోనే ఉంది. తల్లి చేతిలో డబ్బు పెట్టాడు, నా ఒళ్ళో స్వీట్ల పొట్లం పెట్టాడు, తండ్రి ముందు నిలబడి "నేను పోగొట్టలేదు" అన్నాడు. మా అబ్బాయి గ్రైండర్ ఆన్ చేశాడు.

కానీ డబ్బుకి కూడా నాలుక ఉంటుంది. అది గ్రైండర్ కంటే గట్టిగా మాట్లాడుతుంది. ఇస్త్రీ షాపు అమ్మాయి ముందు కొంచెం పెట్టింది. తండ్రి లేని పిల్ల, పొద్దస్తమానం బొగ్గుల పెట్టెతో చేతులు కాల్చుకుని నాలుగు రాళ్ళు వెనకేసింది. నెల తిరగ్గానే లాభం చేతికొచ్చింది. "నాయనమ్మా, ఊరికే కూర్చుంటే వచ్చింది!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. మర్నాడు మొత్తం తీసుకెళ్ళి పెట్టేసింది. వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలంతా జీతం రాళ్ళు జేబులో కూడా పడకుండా గిత్త చేతికే ఇచ్చేవారు. ఇవ్వనివాణ్ణి, "పోరా, ముసలాడయ్యేదాకా లెక్కలేసుకో" అని ఏడిపించేవారు.

పెద్దవాళ్ళు మాత్రం అంత తొందరగా పడలేదు. వాళ్ళు వచ్చి మా అబ్బాయిని అడిగేవారు.

"మేస్త్రీ, నువ్వు లోపలికి వెళ్ళొస్తుంటావు కదా. డబ్బుందా?"

"నేను చూడను. మీకు తెలుసుగా."

"చూడవు సరే. నీకేమనిపిస్తోంది?"

వాడు ఇటుక మీద ఇటుక పేర్చినట్టు మాట్లాడే మనిషి. ఆలోచించి అన్నాడు: "నాలుగు వేళ్ళ మందం తలుపు చేయించుకున్నాడు. నా జన్మలో ఎవరూ అడగలేదు అంత. ఖాళీ జాగాకి ఎవడైనా అంత తలుపు పెట్టిస్తాడా?"

ఆ మాట వీధంతా తిరిగింది. పక్క వీధికి పోయింది. తిరిగి తిరిగి తెల్లబూట్ల చెవిన పడింది. ఒకరోజు ఆయనే మా ఇంటికొచ్చి, మా అబ్బాయి కూర్చునే నూనె మరకల బల్ల మీద తెల్ల ప్యాంటుతో కూర్చున్నాడు. ఊరికే రారు మహానుభావులు.

"మేస్త్రిగారూ, ఆదివారం మీటింగు పెడుతున్నాను. మీరొచ్చి రెండు ముక్కలు చెప్పాలి."

"నాకు మాట్లాడ్డం రాదండీ."

"మీరు ఇప్పుడు చెబుతున్నదే చెప్పండి. తలుపు సంగతి."

వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. అంతమంది ముందు నిలబడి తలుపు సంగతి చెప్పాడు. చప్పట్లు కొట్టారు. జన్మలో వాడికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ మర్నాడే షాపు తాకట్టు పెట్టి ఆ డబ్బు కొడుకు కౌంటర్లో కట్టొచ్చాడు. కొడుకు రసీదు రాసిచ్చాడు, తండ్రి తీసుకున్నాడు. ఆకురాయి పోయాక ఇద్దరి మధ్యా చేతులు మారిన మొదటి వస్తువు అదే. నేను కూడా మెళ్ళో గొలుసు తీసి ఇచ్చాను. అందరూ పరిగెత్తుతుంటే కూర్చున్నవాడికి కాళ్ళు లేవేమో అనిపిస్తుంది.

మీటింగు తర్వాత ఆఫీసు ముందు జనం విరగబడ్డారు. డబ్బు కట్టడానికి కొట్టుకున్నారంటే నమ్ముతారా? వరసలో ముందుకు దూరాడని ఒకడు ఇంకొకణ్ణి గడప మీద పడేసి మొహం మీద కాలితో తన్నాడు. పన్ను ఊడి మెట్ల మీద పడింది. ఊడినవాడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఆ నెత్తురు చేత్తోనే నోట్లు అందించాడు. అవి తీసుకుని మా గిత్త తుడిచి సొరుగులో పెట్టాడు. అక్కడే నిలబడి చూసిన కత్తి బాబాయి నాతో అన్నాడు, "పెద్దమ్మా, నా దగ్గరికొచ్చే గొర్రెలు కూడా ఇంత తొందరపడవు." అలా నవ్వి, తన వంతు రాగానే అతను కూడా కట్టాడు. కొట్టు పెద్దది చెయ్యాలని అతని ఆశ.

తర్వాత నెల లాభం ఆలస్యమైంది. మిషన్లు పనిచెయ్యడం లేదన్నారు. తర్వాత సెలవులన్నారు. తెల్లబూట్లు ఇంకో ఊళ్ళో ఇంకో ఆఫీసు తెరవడానికి వెళ్ళారన్నారు. ఇవన్నీ చెప్పింది మా గిత్తే. వాడికి చెప్పినవి వాడు చెప్పాడు. వీధిలో నడుస్తుంటే చొక్కా పట్టుకునేవారు. ఒకతను వాడి మోటారుసైకిలు మీద బండరాయి ఎత్తేశాడు. అయినా వాడు పొద్దున్నే టై కట్టుకుని బయల్దేరేవాడు.

"ఇవాళ మానెయ్యరా" అంది వాళ్ళమ్మ.

"నేను వెళ్ళకపోతే పారిపోయాననుకుంటారమ్మా. నేనేం తప్పు చేశాను?"

ఆ రోజు అద్దాల తలుపుకి బయటనుంచి తాళం ఉంది. లోపల బల్లలున్నాయి, కుర్చీలున్నాయి, మా పెట్టె ఉంది. తెల్లబూట్లు లేడు. వాడు తాళం ముందు నిలబడి ఫోను చేస్తూనే ఉన్నాడట, అవతల ఎవరూ ఎత్తలేదు. చుట్టూ జనం చేరారు. ఎవరో టై పట్టుకుని లాగారు. వాడి మెడకి తాడు ఇంకెవరో కట్టక్కర్లేకపోయింది.

కబురు అందేసరికి మేం గుమ్మంలో ఉన్నాం. నేనూ కోడలూ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాం. ఎండ నెత్తిన సమ్మెట పోట్లు పొడుస్తోంది. మేం వెళ్ళేసరికి అద్దాలు పగిలిపోయి ఉన్నాయి. లోపల గాజు పెంకుల మీద వాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. కత్తి బాబాయి వాడి జుట్టు గుప్పిట్లో బిగించి తల వెనక్కి లాగి పట్టుకున్నాడు. ఆ చేత్తోనే వాణ్ణి చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని తిప్పాడు. నడుముకి కత్తి ఉంది.

ఇస్త్రీ అమ్మాయి నాకంటే ముందు వచ్చింది. షాపులో ఇస్త్రీ చేస్తుండగా వార్త విని, చేతిలో బొగ్గుల పెట్టె దింపడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చిందట.

"అన్నా, నాది కూడానా? నాది కూడా పోయిందా?"

"నాకు తెలీదు చెల్లీ. ఒట్టు, నాకు తెలీదు."

"తెలీదా? నవ్వుతా తీసుకున్నావు కదన్నా! రసీదు రాస్తా నవ్వావు కదా!"

ఇస్త్రీ పెట్టె వాడి భుజానికి ఆనించింది. చొక్కా కాలిన వాసన, ఆ వెంటనే చర్మం కాలిన వాసన. మా గిత్త అరిచిన అరుపు నా కడుపులో ఇప్పటికీ ఉంది. పెట్టె చేతిలోంచి జారి, బొగ్గులు నేలంతా చిమ్మాయి. ఆ పిల్ల అక్కడే కూలబడి తన చేతుల్ని తనే కొరుక్కుంటూ ఏడ్చింది.

అప్పుడే మా అబ్బాయి వచ్చాడు. చుట్టూ చూశాడు. కొడుకుని చూశాడు. తర్వాత పెట్టెని చూశాడు. వాడి మొహంలో భయం కాస్త తగ్గడం నేను కళ్ళారా చూశాను.

"వదలండి వాణ్ణి" అన్నాడు. "డబ్బెక్కడికి పోతుంది? పెట్టె ఇక్కడే ఉందిగా."

"తాళం?" అన్నాడు కత్తి బాబాయి.

"కోస్తాను. నేను చేసింది నేనే కోస్తాను. అందరిదీ ఇందులోనే ఉంది. ఈలోపల వాణ్ణి ముట్టుకోవద్దు."

"ఉంటే వదిలేస్తాం. లేకపోతే మాత్రం మేస్త్రీ, నీ కొడుకు ఈ గది దాటడు."

ఆ మాట అన్నది కత్తి బాబాయి కాదు. వెనకనుంచి, పక్క వీధుల వాళ్ళు. ఇనప చువ్వలతో వచ్చారు వాళ్ళు. మాకు మొహాలు కూడా తెలీవు.

షాపులోంచి గ్యాసు కట్టరు తెచ్చారు. మా అబ్బాయి తాళం చుట్టూ సుద్దతో గీత గీసి మంట పెట్టాడు. ఇప్పుడు చూడండి చోద్యం. వాడు ఆ పెట్టెని నాసిరకంగా చేసి ఉంటే చిటికెలో ఊడొచ్చేది. వాడు చెయ్యలేదు. పై రేకు ఎర్రబడి కరగడానికే ప్రాణం పోయింది. తర్వాత కాంక్రీటు. ఉలీ సుత్తీ పట్టుకుని కొట్టాడు. కాంక్రీటు పెచ్చులు ఎగిరి వాడి కనుబొమ చీల్చాయి. చెయ్యి కాస్త ఆగితే చాలు, వెనకనుంచి "కానియ్!" అని ఒక అరుపు, పిల్లాడి వీపు మీద ఒక చువ్వ. తండ్రి సుత్తి దెబ్బ ఇనుము మీద, వాళ్ళ దెబ్బ కొడుకు మీద, ఒకదాని వెంట ఒకటి. నేను కాళ్ళ మీద పడ్డాను. ఎవరి కాళ్ళో కూడా తెలీదు. ఎవరో మోకాలితో నా దవడ మీద పొడిచారు.

"నాన్నా, తొందరగా" అన్నాడు గిత్త. అంతే అన్నాడు.

"అయిపోయిందిరా. అయిపోయింది. ఇంకాస్త."

వాడి చెమట కాగిన ఇనుము మీద పడి చుయ్ చుయ్ మంటోంది. ఆఖరికి తాళం ముద్ద ఊడి కింద పడింది. దాని చోట పిడికిలంత కన్నం. మా అబ్బాయి రెండు చేతులా తలుపు పట్టుకుని, కాలు గోడకి తన్ని, లాగాడు. నాలుగు వేళ్ళ మందం తలుపు చప్పుడు లేకుండా తిరిగింది. అంత నున్నగా చేశాడు మడతబందులు.

తలుపు తెరుచుకోగానే వాడు అలవాటుగా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అంతమందిలో పెట్టెలోకి చూడనిది వాడొక్కడే. గదిలో ఒక్కసారిగా గాలి కూడా ఆడలేదు. వాడు ఆ నిశ్శబ్దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. "చెప్పానా" అన్నాడు, అటు తిరిగే.

కత్తి బాబాయి మెల్లిగా అన్నాడు, "మేస్త్రీ. ఇటు చూడు."

చూశాడు. అరలన్నీ ఖాళీ. వాడు వేసిన రంగు మీద ఒక గీత కూడా లేదు. నడిమి అరలో మాత్రం మూరెడు పొడవు ఆకురాయి ఒకటి ఉంది. గడియ బిగుతు సరిచేసిన రోజు వాడు ఎక్కడ పెట్టాడో అక్కడే, పిడి ఇటువైపు తిరిగి.

మా వీధి వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పెట్టె వచ్చిన రోజునుంచీ దాన్ని ఒక్కరంటే ఒక్కరు తెరవలేదు. తెరిచి ఉంటే ఆకురాయి కనపడేది. కత్తి బాబాయి పిడికిలి సడలింది. జుట్టు వదిలేసి, గోడకి చేరగిలబడి, తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఏం జరిగినా అతను లేవలేదు, మావైపూ కాదు, వాళ్ళవైపూ కాదు.

వెనకున్నవాళ్ళకి ఈ ఆకురాయి గొడవ ఏం తెలుసు? "ఎంతుంది? ఎంతుందిరా?" అని తోసుకొస్తున్నారు. "ఖాళీ!" అని ఎవరో కేక పెట్టారు. అంతే, చువ్వలు లేచాయి.

మా అబ్బాయి అంత చురుగ్గా కదలడం నేనెప్పుడూ చూడలేదు. అరలోంచి ఆకురాయి లాక్కుని, కొడుకుని నడుం దగ్గర పట్టి ఎత్తి, అరలు విరిగేలా పెట్టెలోకి తోశాడు. తలుపు మూశాడు. కడియాలు రెండూ ఎదురెదురు పెట్టి, వాటిలోంచి ఆకురాయి దూర్చాడు. వీపు తలుపుకి ఆనించి, కుడిచెయ్యి వెనక్కి పెట్టి, పిడి పట్టుకుని నిలబడ్డాడు. బొటనవేలు ఆ గుంటలో పెట్టుకునే ఉంటాడు. ఎందుకుండదు?

"పక్కకి తప్పుకో!"

"నన్ను కొట్టండి. తలుపు సంగతి చెప్పి మిమ్మల్ని నమ్మించింది నేను. వాడు కాదు."

కొట్టారు. ముందు మోకాళ్ళ మీద. పడలేదు. పక్కటెముకల మీద కొడితే ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడు నాకే వినపడింది. తర్వాత ఒకడు, తెలివైనవాడు, పిడి పట్టుకున్న చెయ్యి మీద కొట్టడం మొదలుపెట్టాడు. "పట్టు వదలరా! వదులు!" వాడు వదల్లేదు. వేళ్ళు నలిగి ఆకారం పోయినా వదల్లేదు. నేను ఆ కొట్టేవాడి చెయ్యి అందుకుని, నాకున్న నాలుగు పళ్ళూ దింపాను. ఉప్పగా వాడి నెత్తురు నోట్లోకొచ్చింది. వాడు విదిలిస్తే వెళ్ళి తలుపు పక్కన పడ్డాను. నేను జనం కాళ్ళ కింద నలిగిపోకుండా లాగింది ఆ ఇస్త్రీ అమ్మాయే.

తాళం కోసిన కన్నంలోంచి రెండు వేళ్ళు బయటికొచ్చాయి. వెతుక్కుంటున్నాయి. నేను నా వేళ్ళు ఇచ్చాను. "నాయనమ్మా, నాన్నేడీ?" అంటున్నాడు లోపలినుంచి. "ఇక్కడే ఉన్నాడురా" అన్నాను. ఆ కాలమంతటికీ ఆ పెట్టెలో దాచిన సొత్తు వాడొక్కడే.

పోలీసులొచ్చారు. వాళ్ళు వస్తూనే కళ్ళ ముందున్న ప్రతివాణ్ణీ బాదారు. మా అబ్బాయికి కూడా రెండు పడ్డాయి. వాడు అప్పటికీ పిడి వదల్లేదు. కోడలు వచ్చి, ఇంక భయం లేదని చెవిలో చెప్పాక వదిలాడు. వాడు పడుతుంటే బరువు మీద పడి ఆకురాయి కొన టప్పున విరిగింది.

తెల్లబూట్లు చేసిన పని తర్వాత పోలీసులే చెప్పారు. వెనకొచ్చినవాడి డబ్బు తీసి ముందొచ్చినవాడికి లాభమని పంచాడు. మిగిలింది రోజూ సాయంత్రం కూరల సంచీలో పట్టుకుపోయాడు. పెట్టె చూపించడానికి కొన్నది. దొరికాడని కొన్నాళ్ళూ, లేదని కొన్నాళ్ళూ అన్నారు. డబ్బు దొరకలేదని మాత్రం అందరూ ఒకే మాట అన్నారు. షాపు తాకట్టులో పోయింది. కత్తి బాబాయి కొట్టు ఇంకొకరి చేతికి పోయింది, ఇప్పుడతను అదే కొట్లో జీతానికి నరుకుతాడు. ఎదురుపడితే మాట్లాడుకుంటాం. వానల సంగతీ, ఎండల సంగతీ.

ఇప్పుడు మొదటి జీతం అందుకున్న పిల్లలు నా దగ్గరికొచ్చి ఫోన్లు చూపిస్తుంటారు. నాయనమ్మా, దీన్లో పెడితే ఇంత వస్తుంది, పెద్ద పెద్దవాళ్ళు పెట్టారు, ఆఫీసు చూడు ఎంతుందో అని. పైన పటారం, లోన లొటారం అని మా రోజుల్లో అనేవాళ్ళం, అదంటే నవ్వుతారు. అప్పుడు మా అబ్బాయిని పిలిచి వాడి కుడిచెయ్యి చూపిస్తాను. తలుపు మందం ఎంతని అడక్కండి నాయనా, తెరిచి చూపించమనండి. చూపించడానికి నామోషీ పడ్డాడా, మీ డబ్బు మీ జేబులో పెట్టుకుని ఇంటికి రండి. చూడమని అడగడం అమర్యాద అని ఎవరైనా అంటే, మర్యాద ఖరీదు ఎంతో ఈ చేతిని అడగండి. కొందరు వింటారు. కొందరు చెయ్యి చూసి పాపం అనేసి, ఫోను నొక్కుకుంటూ వెళ్తారు. ఆశ చెవిటిది.

ఆ ఎండాకాలం ఆఖరి రోజు మాత్రం చెప్పి ఆపుతాను. మా అబ్బాయి ఆసుపత్రినుంచి వచ్చాడు. అప్పటికి మేం రేకుల షెడ్డులో అద్దెకి చేరాం. గిత్త బయట ఎవరిదో గేటు ఒకటి అతుకుతున్నాడు, కూలికి. భుజం మీద ఇస్త్రీ పెట్టె మచ్చ త్రికోణంగా, ఎర్రగా ఉంది. మొదటి వాన చినుకులు రేకుల మీద టపటపమంటున్నాయి.

మా అబ్బాయి ఎడమచేత్తో సంచీలో వెతికి ఆకురాయి తీశాడు. కొన విరిగిన ఆకురాయి. వెళ్ళి కొడుకు ముందు నిలబడ్డాడు. మా వంశంలో మగాళ్ళకి క్షమించమనే మాట నోరు తిరగదు.

"పట్టుకో" అన్నాడు.

గిత్త చేతులు తుడుచుకుని అందుకున్నాడు. బొటనవేలు గుంటలో పెట్టి చూసుకున్నాడు. సరిపోయింది.

"నేను పోగొట్టలేదు నాన్నా."

"లేదురా" అన్నాడు మా అబ్బాయి. ఈసారి మొహం తిప్పుకోలేదు.